పాత కారు – పెట్రోలు యంత్రము: కొనువారికి, నడుపువారికి కొన్ని సూచనలు

మన పాఠశాల వార్షిక సంచికకు ఉపయోగకరమైన విషయమేదైన నొకటి వ్రాయుడని సంపాదకవర్గమువారు కోరినపుడు నేను మిక్కిలి సంకోచించితిని. నేను పండితుడను గాను, కథకుడను గాను. ఈ పాఠశాలలో చదివిన యొక బాలికకు తండ్రిని. హోసూరులోని యొక కర్మాగారమున లెక్కలు వ్రాయు ఉద్యోగిని. అయినను గడచిన మూడేండ్లలో ఒక పాత పెట్రోలు కారు నాకు కొన్ని పాఠములు నేర్పినది. వానికి నేను చెల్లించిన గురుదక్షిణ తక్కువ కాదు. ఆ పాఠములు తోడి తల్లిదండ్రులకు తెలిసినచో వారికి ఆ దక్షిణలో కొంతయైన మిగులునను ఆశతో ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మనలో పెక్కుమందికి క్రొత్త కారు అందని ఫలము. పిల్లల చదువు, ఇంటి అద్దె, పెద్దల వైద్యము, వీనికే జీతము చాలీచాలక యుండును. అయినను సరిహద్దు ఊళ్ళలో నివసించు మనకు కుప్పము, చిత్తూరు, అనంతపురము వైపు బంధువుల ఇండ్లకు రాకపోకలు తప్పవు. కావున పాత కారు కొనుట తప్పు గాదు. తెలియక కొనుటయే తప్పు. "పైన పటారము, లోన లొటారము" అను సామెత పాత కార్ల విషయమున అక్షరాల నిజము. ఎద్దును కొనువాడు దాని పండ్లు చూచును. కారునకు పండ్లు లేకున్నను దాని వయస్సును, రోగమును తెలుపు గురుతులు వేరుగా కలవు. వానిని గుర్తించుటకు మొదట యంత్రము పనిచేయు తీరు కొంత తెలియవలెను.

యంత్రము పనిచేయు విధము

1876వ సంవత్సరమున నికొలౌస్ ఆటో అను జర్మనీ దేశీయుడు నాలుగు ఘాతముల యంత్రమును విజయవంతముగా నడిపెను. 1886 జనవరి 29వ తేదీన కార్ల్ బెంజ్ పెట్రోలుతో నడచు మూడు చక్రముల బండికి పేటెంటు కోరెను. నేటి కారు ఎంత క్రొత్తదైనను మూలసూత్రము ఆనాటిదియే.

గట్టి ఇనుప గొట్టము వంటి సిలిండరులో పిస్టను క్రిందికి, మీదికి కదలుచుండును. మొదటి ఘాతమున అది క్రిందికి దిగుచు గాలిని, పెట్రోలు ఆవిరిని లోనికి పీల్చును. రెండవ ఘాతమున మీదికి వచ్చుచు ఆ మిశ్రమమును తొమ్మిదింట, పదింట ఒక వంతునకు నొక్కివేయును. అపుడు స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వను పుట్టించును. మిశ్రమము భగ్గుమని మండి పిస్టనును క్రిందికి త్రోయును. ఇది మూడవ ఘాతము. బండిని నడుపు శక్తి యంతయు దీనియందే పుట్టును. నాలుగవ ఘాతమున కాలిన వాయువు వెలుపలికి పోవును. యంత్రము నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు ఒక్కొక్క సిలిండరులో ఈ తతంగమంతయు సెకనునకు ఇరువదియైదు మార్లు జరుగును.

కావున యంత్రము నడచుటకు మూడు వస్తువులు చాలును: తగిన ఒత్తిడి, తగిన మిశ్రమము, తగిన సమయమున నిప్పురవ్వ. ఈ మూడింటిలో ఏది లోపించినను యంత్రము మొరాయించును. మిశ్రమమనగా బరువులో ఒక పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్ళ గాలి. ఒక లీటరు పెట్రోలు మండుటకు ఇంచుమించు తొమ్మిది వేల లీటర్ల గాలి కావలెనని లెక్క వేసి చూచినచో, మురికిపట్టిన గాలి జల్లెడ ఎంత చేటు చేయునో తెలియును. పూర్వపు కార్లలో ఈ మిశ్రమమును కార్బ్యురేటరు కలిపెడిది. 1983 డిసెంబరు నుండి 2014 వరకు తయారైన మారుతి 800 కారు మొదట కార్బ్యురేటరుతోనే వచ్చి, తరువాత ఇంజెక్షను పద్ధతికి మారినది. నేడు పెట్రోలును సన్నని తుంపరగా చిమ్ము పనిని చిన్న కంప్యూటరు చూచుకొనుచున్నది. దానికి కన్నులు, చెవులు సెన్సరులు. అవి తప్పు చెప్పినచో అదియు తప్పు చేయును.

ఇంకొక సంగతి. పెట్రోలులోని శక్తిలో మూడవ వంతునకు మించి చక్రములకు చేరుట అరుదు. తక్కినదంతయు వేడియై పొగగొట్టమునుండియు, రేడియేటరునుండియు వెలుపలికి పోవలెను. ఆ వేడికి దారి మూసికొన్న యంత్రము తనను తానే కాల్చుకొనును.

కొనుటకు ముందు చూడవలసినవి

కారును పగటి వెలుగున చూడవలెను. యంత్రము చల్లగా నున్నపుడే చూడవలెను. అమ్మువాడు మనము రాకముందే దానిని నడిపి యుంచినచో బానెట్ మీద చేయి పెట్టిన వేడిగా నుండును. చల్లని యంత్రము మొదటిసారి ఎట్లు మేలుకొనునో చూచుటయే సగము పరీక్ష. కావున అట్టి సందర్భమున మర్యాదగా మరల మరునాటి ఉదయము వత్తునని చెప్పి రావలెను.

నూనె కొలపుల్లను తీసి చూడుడు. నూనె నల్లగా నుండుట దోషము కాదు. పాలు కలిపిన కాఫీవలె నుండుట దోషము. నూనె పోయు మూత అడుగున వెన్నవంటి తెట్టు దట్టముగా నున్నచో నూనెలో నీరు చేరుచున్నదని శంకింపవలెను. రేడియేటరు నీటిపై నూనె తేలుచున్నను అట్టి శంకయే.

తరువాత పొగ. ఉదయపు చలిలో మొదటి రెండు మూడు నిమిషములు పలుచని తెల్లని ఆవిరి వచ్చుట సహజము. యంత్రము వేడెక్కిన పిమ్మటను దట్టమైన తెల్లపొగ విడువక వచ్చుచున్నచో సిలిండరులోనికి నీరు దిగుచున్నది. నీలిపొగ వచ్చినచో నూనె కాలుచున్నది. పిస్టను రింగులో, వాల్వు సీళ్ళో అరిగినవి. నల్లపొగ వచ్చినచో పెట్రోలు ఎక్కువై గాలి తక్కువైనది. వీనిలో నల్లపొగ పెక్కు సందర్భములలో తక్కువ ఖర్చుతో పోవును. తక్కిన రెండును గృహస్థుని సంచికి చిల్లు పెట్టునవి.

మనకు తెలిసిన మెకానిక్కును వెంట తీసికొనిపోయి ఒత్తిడి పరీక్ష చేయింపవలెను. ప్లగ్గులన్నియు ఊడదీసి, పెట్రోలు రాకుండ ఆపి, గడియారము వంటి కొలత సాధనమును ఒక్కొక్క రంధ్రమున బిగించి యంత్రమును త్రిప్పుదురు. సామాన్యమైన పెట్రోలు యంత్రములలో చదరపు సెంటీమీటరునకు 10 మొదలు 13 కిలోగ్రాముల వరకు ఒత్తిడి కనబడును. అంకె ఎంతయనుటకంటె సిలిండర్ల నడుమ తేడా ఎంతయనునదే ముఖ్యము. నూటికి పదిపదునైదు వంతులకు మించిన తేడా మంచిది కాదు. తగ్గిన సిలిండరులో చెంచాడు నూనె పోసి మరల కొలిచినపుడు ఒత్తిడి పెరిగినచో రింగులు అరిగినవనియు, పెరగనిచో వాల్వులలోనో గాస్కెట్టులోనో దోషమున్నదనియు ఊహింపవచ్చును.

తాళము త్రిప్పగనే యంత్రపు బొమ్మ గల పసుపు దీపము వెలిగి, యంత్రము నడవగనే ఆరిపోవలెను. ఆరకున్నచో దోషము కలదు. అసలు వెలుగనే వెలుగకున్నచో అంతకంటె పెద్ద దోషము కలదు. ఎవరో దానిని కావలెనని ఆర్పి యుందురు. స్కానరు పెట్టి చూచునపుడు తప్పులేవియు లేవని వచ్చుట మాత్రమే చాలదు. నిన్ననో నేడో తుడిచివేసినచో స్వయం పరీక్షలు ఇంకను పూర్తి కాలేదని ఆ స్కానరే చెప్పును; అదియు అడిగి తెలిసికొనవలెను.

సముద్రతీరపు ఊళ్ళలో నడచిన కారునకు అడుగుభాగమున తుప్పు చూడవలెను. 2015 డిసెంబరులో చెన్నపట్టణమును ముంచిన వరదలో వేలకొలది కార్లు నీట మునిగినవి. అట్టి కార్లు శుభ్రపడి దూరపు ఊళ్ళకు అమ్మకమునకు పోవుట కలదు. సీటు బెల్టును పూర్తిగా వెలుపలికి లాగి చూచినచో చివర మట్టిచార దొరకును. కాళ్ళ క్రింది తివాసిని ఎత్తి ముక్కుతో చూడవలెను. ముక్కిపోయిన వాసన అబద్ధమాడదు. టైరు ప్రక్కన నాలుగంకెల గురుతుండును. 2319 అనగా 2019వ సంవత్సరపు ఇరువదిమూడవ వారమున తయారైనదని అర్థము. నడచిన కిలోమీటర్ల సంఖ్యను పెడలు రబ్బరు అరుగుదలతోను, పాత సర్వీసు రసీదులతోను పోల్చి చూడవలెను.

చివరకు కారు నడిపి చూచునపుడు పది నిమిషములతో తృప్తిపడరాదు. గంటసేపు నడుపవలెను. ఈ మాట నేనెందుకు నొక్కి చెప్పుచున్నానో ముందు తెలియును.

పత్రముల సంగతి

యంత్రమును ఎంత చక్కగా పరీక్షించినను కాగితములు సరిగా లేనిచో ఆ కారు మనది కాదు. రిజిస్ట్రేషను పత్రములోని చాసిస్ సంఖ్యను, యంత్రపు సంఖ్యను కారుమీది సంఖ్యలతో మన కన్నులతో మనమే పోల్చుకొనవలెను. బ్యాంకు అప్పు గురుతు పత్రములో నున్నచో, అప్పు తీరినదను బ్యాంకు లేఖయు 35వ ఫారమును లేనిదే సొమ్ము ఈయరాదు. పేరు మార్పునకు 29వ, 30వ ఫారములు కావలెను. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము అమ్మువాడు అదే రాష్ట్రములోనైనచో 14 దినములలోను, కొనువాడు 30 దినములలోను ఈ మార్పును తెలుపవలెను.

సరిహద్దు ఊళ్ళవారమగుటచే మనకు ఇంకొక చిక్కు కలదు. బెంగళూరులో కారు చౌకగా దొరకినదని హోసూరునకు తెచ్చుకొందుము. వేరు రాష్ట్రపు సంఖ్యతో పండ్రెండు నెలలకు మించి ఇచట ఉంచుకొన్నచో ఇక్కడి సంఖ్య తీసికొనవలెను. దానికి 28వ ఫారముపై నిరభ్యంతర పత్రము తేవలెను. ఇచటి రోడ్డు పన్ను వేరుగా కట్టవలెను. ఈ పన్ను కలిపి చూచినచో చౌకబేరము చౌకగా నుండకపోవచ్చును. స్వంత కార్ల రిజిస్ట్రేషను మొదట పదునైదేండ్లు చెల్లును. ఆ తరువాత యోగ్యతా పరీక్షచేసి ఐదేసి యేండ్లకు పొడిగింతురు. పదునాలుగేండ్ల కారు కొనువారు ఈ ఖర్చును ముందే లెక్కించుకొనవలెను.

అమ్మువారు సైతము జాగ్రత్త వహింపవలెను. పేరు మారక మునుపు ప్రమాదము జరిగినచో కార్యాలయపు పుస్తకములలో ఎవరి పేరున్నదో వారినే యజమానిగా భావింపవలెనని సర్వోన్నత న్యాయస్థానము 2018లో తీర్పు చెప్పినది. కావున "సొమ్ము ముట్టినది, తాళము ఇచ్చితిని, నా పని తీరినది" అనుకొనుట పొరపాటు. కొన్నవారు బీమాను సైతము 14 దినములలో తమ పేర మార్పించుకొనవలెను.

మా కారు కథ

ఇపుడు నా అనుభవము. నేను కొన్న కారు పది సంవత్సరములది. పైన చెప్పినవాటిలో సగము నాకు తెలియవు. రంగు నిగనిగలాడుచుండెను, ఊరిలో ఒక చుట్టు చుట్టి వచ్చితిని, సొమ్ము ఇచ్చితిని.

రెండు నెలలు హాయిగా నడచినది. అటుపిమ్మట ఒకనాడు కృష్ణగిరి దరిదాపులలో చెప్పాపెట్టక ఆగిపోయెను. అరగంట తరువాత ఏమియు ఎరుగనట్లు మరల నడచెను. మెకానిక్కు చూచి, పెట్రోలు పంపు చప్పుడు వినబడుటలేదు గనుక పంపు పోయినదనెను. తొమ్మిది వేల రూపాయలతో క్రొత్త పంపు వేయించితిని. పదునైదు దినములకు మరల అదే తంతు. వేరొకరు ప్లగ్గులు, కాయిళ్ళు మార్చిరి, ఆరు వేలు. మరల అదే. స్కానరు ఏ తప్పును చూపలేదు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్లు, ఒకరేది చెప్పిన దానికెల్ల నేను తల ఊపి డబ్బు కట్టుచు పోయితిని.

ఒక రాత్రి మా అత్తగారికి కంటి శస్త్రచికిత్స చేయించి బెంగళూరు నుండి తిరిగి వచ్చుచుండగా, ఎలక్ట్రానిక్ సిటీకి పోవు ఎత్తైన వంతెనపై యంత్రము ఆగిపోయెను. వెనుక లారీలు. యంత్రము ఆగిన క్షణముననే స్టీరింగు బరువెక్కెను; రెండు మార్లు నొక్కిన పిమ్మట బ్రేకు రాయివలె గట్టిపడెను. ఎట్లో ఎడమ అంచునకు చేర్చితిని. కంటికి కట్టుతో నున్న ఆ పెద్దావిడను చేయిపట్టి దింపి, గోడవార నిలుచుండబెట్టి, లారీ దాటినపుడెల్ల వంతెన కంపించుచుండగా గడిపిన ఆ అరగంటను నేను మరువలేను.

మరునాడే కారును అమ్మివేయ నిశ్చయించితిని. మన సంఘమునకు చెందిన ఒక దర్జీ కొనవచ్చెను. ఆయన తన తల్లిని వారమునకు రెండు మార్లు బెంగళూరు వైద్యశాలకు తీసికొనిపోవలసి యుండెను. నేను ఆయనను ప్రక్కన కూర్చుండబెట్టుకొని అరగంట త్రిప్పి చూపితిని. కారు ముద్దుగా నడచెను. అరగంటకు మించి ఏల త్రిప్పలేదో నాకు తెలియును. ఆయన తృప్తిపడి పదివేల రూపాయలు బల్లమీద ఉంచెను.

అపుడు పదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి లోపలి గదినుండి పిలిచి, మెల్లగా అడిగెను: "నాన్నా, నలభై నిమిషాల సంగతి ఆయనకు చెప్పావా?"

నాకు అర్థము కాలేదు. ఆమె ఒక నోటుపుస్తకము చూపెను. కారు ఆగినపుడెల్ల తేదీ, ఎంతసేపు నడచిన పిమ్మట ఆగినది, ట్యాంకులో పెట్రోలు ఎంత, ఎండ ఎట్లున్నది, ఎంతసేపటికి మరల నడచినది, అన్నియు వ్రాసి యుంచెను. ఏడు పర్యాయములు ఆగినది. ఏడింటను నలువది నిమిషములు దాటిన పిమ్మటనే. పెట్రోలు నిండుగా నున్నను ఆగినది, తక్కువగా నున్నను ఆగినది. ఇరువది, ముప్పది నిమిషములు చల్లారిన పిమ్మటనే మరల నడచినది.

నేను బయటికి వచ్చి దర్జీగారికి ఉన్నదున్నట్లు చెప్పితిని. మాటలు తడబడినవి. ఆయన కొంతసేపు ఊరకుండి, సొమ్ము తిరిగి జేబులో పెట్టుకొని, "చెప్పినారు, అంతే చాలు సార్" అని వెడలిపోయెను. ఆ పూట నాకు అన్నము సహింపలేదు. అమ్మకము పోయినందులకు గాదు; అడుగనిచో చెప్పియుండనని నాకు తెలిసినందులకు.

ఆ నోటుపుస్తకమును ఒక వృద్ధ మెకానిక్కునకు చూపితిమి. ఆయన ఒకే ప్రశ్న వేసెను: "ఆగినపుడు తాళము త్రిప్పితే చుట్లు చూపే ముల్లు కదులుతుందా?" ఏడవ పర్యాయమున ముల్లు సున్నమీదనే నిలిచియుండెనని మా అమ్మాయి వ్రాసియుండెను. ఆయన క్రాంకు సెన్సరును ఊడదీసెను. చల్లగా నున్నపుడు దాని తీగచుట్ట నిరోధము సుమారు 900 ఓములు చూపెను. జుట్టు ఆరబెట్టు యంత్రముతో వేడిచేయగా కొంతసేపటికి మీటరు తీగ తెగినదని చూపెను. చల్లారగనే మరల 900.

కారణము ఇది. క్రాంకు కడ్డీతో తిరుగు పండ్లచక్రము ప్రక్కన అయస్కాంతమును, దానిపై తీగచుట్టయు నుండును. ఒక్కొక్క పన్ను దాటునపుడు అయస్కాంత అభివాహము మారి తీగలో వోల్టేజి పుట్టును. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణమే ఇది. మన పిల్లలు బడిలో చదువుకొను పాఠమే. ఈ సంకేతమును బట్టియే కంప్యూటరు నిప్పురవ్వకు, పెట్రోలునకు సమయము నిర్ణయించును. మా సెన్సరులోని తీగ యొకచోట చిట్లియుండెను. వేడికి వ్యాకోచించినపుడు విడిపోవును, చల్లారినపుడు అతుకుకొనును. సంకేతము రానిచో యంత్రము తిరుగుట లేదని కంప్యూటరు తలచి పెట్రోలు పంపును సైతము ఆపివేయును. అందుచేతనే మొదటి మెకానిక్కునకు పంపు చప్పుడు వినబడలేదు. పంపు నిర్దోషి. క్రొత్త సెన్సరు ధర పదునాలుగు వందల రూపాయలు. ఆ తరువాత కారు ఒక్కనాడును అట్లు ఆగలేదు, దానిని అమ్మనులేదు.

దర్జీగారు వేరొక కారు కొనిరి. కొనుటకు ముందు మా యింటికి వచ్చి, ఆ నోటుపుస్తకములో ఏమేమి వ్రాయవలెనో మా అమ్మాయినడిగి తెలిసికొనిపోయిరి.

పోషణ విధానము

పాత కారు కొనువారు కొన్న ధరలో ఐదవ వంతైనను మరమ్మతులకు వేరుగా ఉంచుకొనవలెనని నా సలహా. ఉన్న సొమ్మంతయు ధరకే పెట్టినవాడు రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరచినవాడగును. కొన్న వెంటనే ఇంజను నూనె, నూనె జల్లెడ, గాలి జల్లెడ, కూలెంటు మార్చి ఆ తేదీని వ్రాసియుంచవలెను. తయారుచేసినవారి పుస్తకములో నూనెకు పదివేల కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరము గడువున్నను, పాత యంత్రమునకు అంతకంటె ముందే మార్చుట మేలు. టైమింగు బెల్టు గల యంత్రమైనచో అది ఎప్పుడు మార్చబడినదో రసీదు లేనియెడల మార్పించివేయుడు. అది తెగినపుడు కొన్ని యంత్రములలో వాల్వులు పిస్టనులకు తగిలి వంగిపోవును.

రేడియేటరులో కుళాయి నీరు పోయరాదు. బావినీటిలోని సున్నము పేరుకొని సన్నని గొట్టములు మూసికొనిపోవును. పరిశుద్ధజలముతో కలిపిన కూలెంటునే వాడవలెను. వేడిముల్లు ఎఱ్ఱగీత వైపు పోవుచున్నచో "ఇంకొక నాలుగు కిలోమీటర్లే గదా" అని నడుపరాదు. ఆ నాలుగు కిలోమీటర్లలోనే సిలిండరు తల వంగును, గాస్కెట్టు కాలును. ఆపవలెను. వేడిగా నున్న రేడియేటరు మూతను తెరువరాదు. మరుగు నీరు మొగముపై చిమ్మును. వేడి యంత్రముపై చన్నీళ్ళు పోయరాదు.

బ్యాటరీని మీటరుతో కొలిచినపుడు యంత్రము ఆగియుండగా 12.6 వోల్టులు, నడచుచుండగా ఇంచుమించు 13.8 నుండి 14.5 వోల్టుల వరకు నుండవలెను. తక్కువైనచో కంప్యూటరు వింతవింత తప్పులు చూపును. వానిని నమ్మి సెన్సరులు మార్చుట వృథా.

నేడు మన దేశమున అమ్ము పెట్రోలులో సామాన్యముగా ఇరువది వంతులవరకు ఎథనాలు కలియుచున్నది. 2023కు పూర్వపు కార్లలో పెక్కు ఇంత మిశ్రమమునకు ఉద్దేశింపబడినవి కావు. లీటరు ఎథనాలులో శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే గనుక మైలేజి కొంత తగ్గును. పాత రబ్బరు గొట్టములు మెత్తబడి చిట్లవచ్చును. అందుచే ఏటికొకమారైన పెట్రోలు గొట్టములను పరీక్షింపవలెను. ఎథనాలు తేమను పీల్చును. కావున కారును నెలలకొలది కదల్చక ఉంచరాదు. కారులో పెట్రోలు వాసన వచ్చిననాడు పిల్లలను అందులో ఎక్కింపరాదు. కారణము తెలియువరకు తాళమే త్రిప్పరాదు. మూసిన షెడ్డులో యంత్రమును నడుపరాదు. కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు, ప్రాణము తీయుటకు ఎక్కువసేపు పట్టదు.

దారిలో యంత్రము ఆగినచో నాలుగు దీపములు మెరయించి, బ్రేకును మాటిమాటికి తొక్కక ఒక్క పట్టున నొక్కి, ఎడమ అంచునకు చేర్చవలెను. తాళమును పూర్తిగా వెనుకకు త్రిప్పి తీయరాదు, స్టీరింగు బిగిసిపోవును. బండి నిలిచిన పిమ్మట లోపలివారిని ఎడమ తలుపునుండి దింపి, అడ్డుగోడ ఆవలకు పంపవలెను.

ముగింపు

కోయంబత్తూరు చెంత కలంగల్ గ్రామమున 1893లో తెలుగు కుటుంబమున జన్మించిన జి. డి. నాయుడుగారు బాల్యముననే బడి చదువు విడిచినవారు. ఒక ఆంగ్లేయాధికారి మోటారు సైకిలును చూచి ముచ్చటపడి, హోటలులో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో దానిని కొనిరి. కొన్నది ఊరేగుటకు గాదు. ముక్కముక్కలుగా విప్పి మరల కూర్చి యంత్రవిద్య నేర్చుకొనుటకు. 1920లో పొల్లాచి, పళని పట్టణముల నడుమ ఒక్క బస్సుతో ఆయన ప్రారంభించిన వ్యాపారము తరువాత గొప్ప రవాణా సంస్థ యయ్యెను. ఆయన కొన్నదియు పాత బండియే యని మనము జ్ఞాపకముంచుకొనదగును.

తెలుగులో చదివిన శాస్త్రము బ్రతుకుదెరువునకు పనికివచ్చునా యని మనలో కొందరు తల్లిదండ్రులు సందేహింతురు. నేనును సందేహించినవాడనే. మెకానిక్కు తమిళమున మాటలాడెను; మీటరు అంకెలలో మాటలాడెను; మా అమ్మాయి తెలుగులో నేర్చిన పాఠమును తెలుగులో వ్రాసిన నోటుపుస్తకముతో ఆ ఇరువురికిని సమాధానము చెప్పినది. పదునైదు వేల రూపాయలు పోసి నేను కొనలేని సంగతిని ఆమె ఒక పెన్సిలుతో సంపాదించినది.

కావున కారు కొనువారికి నా చివరి విన్నపము. కారుతోబాటు ఒక నోటుపుస్తకము కొనుడు. దానిని ఇంటిలో చదువుకొను బిడ్డ చేతికిండు. మీరు అమ్ముకొను దినమున ఆ పుస్తకమును కారుతో కూడ కొన్నవారి చేతిలో పెట్టుడు.